ఇంగ్లిష్ పరీక్షల్లో చెదిరిన వాక్యాలు: తర్తీబ్ దొరికితే మార్కులు మీవే

వజూకి ఒక తర్తీబ్ ఉంది. ముందు చేతులు, తర్వాత నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తలకి మసహ్, చివరికి పాదాలు. ఏడేళ్ల పిల్లాడిని నిద్రలో లేపి అడిగినా ఈ వరుస తప్పు చెప్పడు. అదే పిల్లాడు పెద్దయ్యి బ్యాంకు పరీక్షకి కూర్చుంటే, ఇంగ్లిష్ పేపర్లో ఐదు వాక్యాలు కలగలిపి ఇచ్చి వరుసలో పెట్టమంటే చేతులు ఎత్తేస్తున్నాడు. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల నుంచి బస్సెక్కి నెల్లూరు కోచింగ్ సెంటర్లకి వచ్చే పిల్లల్లో చాలామంది ఈ ప్రశ్నని చూడగానే వదిలేసి ముందుకు పోతారు. కొందరైతే గుడ్డిగా ఏదో ఒకటి పెట్టి, ఉన్న మార్కులు కూడా పోగొట్టుకుంటారు.

నిజానికి ఇంగ్లిష్ పేపర్లో గ్రామర్ పెద్దగా రాకపోయినా ఆలోచనతో రాబట్టగలిగే ప్రశ్న ఇది. కష్టమైన పదాలు తెలియాల్సిన అవసరం తక్కువ. ఏ మాట దేనికి అతుక్కుంటుందో చూడడం తెలిస్తే చాలు. అది ఎలాగో, ఏ పరీక్షలో ఏ రూపంలో వస్తుందో, ఇంట్లో ఇంగ్లిష్ రాని అమ్మీ, అబ్బా కూడా ఎలా సాయపడొచ్చో ఈ వ్యాసంలో చూద్దాం.

ఏమిటీ ప్రశ్న?

ఒక పేరాని ముక్కలు చేసి, వాక్యాలని అటూఇటూ మార్చి ఇస్తారు. వాటిని మళ్లీ అర్థవంతమైన పేరాగా పేర్చాలి. కోచింగ్ సెంటర్లలో దీన్ని పేరా జంబుల్స్ అంటారు. ప్రశ్నపత్రాల్లో సెంటెన్స్ రీఅరేంజ్‌మెంట్ అనో, ఆర్డరింగ్ ఆఫ్ సెంటెన్సెస్ అనో కనిపిస్తుంది. పేరు ఏదైనా పరీక్షించేది ఒక్కటే: చదివినదాని వెనక ఉన్న వరుస మీకు కనిపిస్తోందా, లేదా?

ఏ పరీక్షలో ఎలా వస్తుంది?

స్కూల్ స్థాయిలో సాధారణంగా ఒక పాఠంలోని సంఘటనలనో, ఒక ప్రముఖుడి జీవిత విశేషాలనో కలగలిపి ఇస్తారు. పాఠం చదివినవాళ్లకి ఇది తేలిక.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో నాలుగైదు వాక్యాలు ఇచ్చి, నాలుగు వరుసల్లో సరైనది ఎంచుకోమంటారు. సీజీఎల్ మొదటి దశలో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. ఒక్కో ప్రశ్నకి 2 మార్కులు, తప్పు జవాబుకి 0.50 కోత.

ఐబీపీఎస్ నడిపే బ్యాంకు పీఓ, క్లర్క్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ 30 ప్రశ్నలు, సమయం 20 నిమిషాలు. ఇక్కడ ఐదారు వాక్యాలు ఒక్కసారే ఇచ్చి మొదటిది ఏది, మూడోది ఏది, చివరిది ఏది అని వరసగా అడిగే పద్ధతి బాగా తెలిసినది. తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కులో నాలుగో వంతు పోతుంది.

సైన్యంలో ఆఫీసర్ కావాలనుకునేవాళ్లు రాసే సీడీఎస్ పరీక్షని యూపీఎస్సీ నడుపుతుంది. ఇందులో ఇంగ్లిష్ పేపర్ 100 మార్కులకి రెండు గంటలు. ఎస్1, ఎస్6 అని మొదటి, చివరి వాక్యాలు ఇచ్చేసి, మధ్యలోని పి, క్యూ, ఆర్, ఎస్ వాక్యాలని సర్దమనే రూపం ఇక్కడ పాతకాలం నుంచి ఉంది. తప్పుకి మూడో వంతు కోత.

ఐఐఎంలలో చేరడానికి రాసే క్యాట్‌లో ఇది అన్నిటికంటే కఠినం. ఆప్షన్లు ఉండవు, వరుసని మీరే టైప్ చేయాలి. అయితే ఇలా టైప్ చేసే ప్రశ్నలకి తప్పు రాసినా మార్కు కోత ఉండదు. కాబట్టి క్యాట్‌లో దీన్ని ఖాళీగా వదలడం నష్టం. బ్యాంకు పరీక్షలో గుడ్డిగా పెట్టడం నష్టం. ఈ తేడా తెలియక నష్టపోయేవాళ్లు ఉన్నారు.

లెక్క ఒకసారి చూడండి

నాలుగు వాక్యాలని 24 రకాలుగా పేర్చొచ్చు. ఐదైతే 120 రకాలు. ఆరైతే 720. ఇన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించడం ఎవరి వల్లా కాదు. కానీ ఐదు వాక్యాల్లో రెండు ఒకదాని వెంట ఒకటి తప్పకుండా వస్తాయని తేలితే, ఆ రెండూ ఒకే ముక్క అయిపోతాయి. అప్పుడు 120 కాస్తా 24కి పడిపోతుంది. ఇంకో జత కూడా దొరికితే మిగిలేవి 6 మాత్రమే. అంటే పని మొత్తం జతలు వెతకడంలోనే ఉంది. మొదటి వాక్యం కోసం రెండు నిమిషాలు తల పట్టుకునే బదులు, అతుక్కునే రెండు వాక్యాల కోసం వెతకండి.

ఇంకో లెక్క. బ్యాంకు పరీక్షలో ఒకే వాక్యాల గుంపు మీద ఐదు ప్రశ్నలు వచ్చాయనుకోండి. వరుస పూర్తిగా దొరికితే 5 మార్కులు. వరుస మొత్తం తప్పి, ఐదూ తప్పు పెడితే మైనస్ 1.25. రెండింటికీ మధ్య తేడా 6.25 మార్కులు. కటాఫ్ దగ్గర అర మార్కుతో, పావు మార్కుతో ఇంటికి వచ్చే పిల్లలకి ఈ 6.25 అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఒక ఏడాది పోవడమంటే ఇంకో ఏడాది రూము అద్దె, బస్సు ఛార్జీలు, పరీక్ష ఫీజులు. ఆడపిల్లల విషయంలోనైతే, ‘ఇంక చాలు, సంబంధం చూద్దాం’ అనే మాట కూడా.

మన పిల్లలు ఎక్కడ తడబడతారు?

తెలివి తక్కువై కాదు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే పిల్లలకి ఇంగ్లిష్ వాక్యంలో కొన్ని గుర్తులు కళ్లకి ఆనవు. ఎందుకంటే ఆ గుర్తులు మన రెండు భాషల్లోనూ లేవు, లేదా వేరేలా ఉన్నాయి.

మొదటిది ‘ఎ’, ‘ది’ అనే చిన్న మాటలు. తెలుగులో, ఉర్దూలో వీటికి సరిగ్గా సరిపోయే మాటలు లేవు. ‘వల కొన్నాడు’ అంటాం, ‘వల చిరిగింది’ అంటాం. రెండు చోట్లా వల వలే. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. మొదటిసారి చెప్పేటప్పుడు ‘ఎ నెట్’, ఆ తర్వాత ‘ది నెట్’. అంటే ‘ఎ నెట్’ ఉన్న వాక్యం ముందు, ‘ది నెట్’ ఉన్న వాక్యం వెనక. ఇంత పెద్ద ఆధారాన్ని పిల్లలు చూడకుండానే దాటిపోతారు.

రెండోది సర్వనామాలు. ఉర్దూలో ‘వో’ అంటే అతను కావచ్చు, ఆమె కావచ్చు, అది కావచ్చు. తెలుగులోనైతే ఎవరో చెప్పకుండానే ‘వచ్చాడు, తిన్నాడు, పోయాడు’ అని కథంతా నడిపేస్తాం. ఇంగ్లిష్‌లో ప్రతి వాక్యానికీ కర్త ఉండాలి: హి, షి, ఇట్, దే. వీటిలో ఏది కనిపించినా ‘ఎవరు? ఏది?’ అని అడిగే అలవాటు మన పిల్లలకి లేదు.

మూడోది కలిపే మాటలు. తెలుగులో ‘వెళ్లి, కొని, తెచ్చి’ అంటూ క్రియలతోనే వరుస చెప్పేస్తాం. ఉర్దూలో ‘జాకర్, ఖరీద్‌కర్’ కూడా అంతే. ఇంగ్లిష్‌లో ఆ పనిని ఎక్కువగా దెన్, ఆఫ్టర్ దట్, లేటర్ లాంటి విడి మాటలు చేస్తాయి. ఇక ‘కానీ’ మనకి సాధారణంగా వాక్యం మొదట్లో వస్తుంది. ఇంగ్లిష్‌లో ‘హౌఎవర్’ వాక్యం మధ్యలో కామాల నడుమ కూర్చోగలదు. మొదట్లో లేదు కదా అని దాన్ని పట్టించుకోరు.

పట్టుకోవాల్సిన ఏడు గుర్తులు

1. ఎ, ది. ‘ఎ’తో వచ్చిన వస్తువో మనిషో మొదటి పరిచయం. అదే ‘ది’తో వస్తే రెండోసారి. అయితే సన్, స్కై లాంటి అందరికీ తెలిసినవాటికి మొదటిసారే ‘ది’ వస్తుంది, అక్కడ మోసపోకూడదు.

2. హి, షి, ఇట్, దే. ఇవి ఉన్న వాక్యానికి ముందు ఎవరి గురించో ఏదో ఒక వాక్యం ఉండాలి. ఒకరా, చాలామందా, మగా, ఆడా అన్నది సరిపోవాలి.

3. దిస్, దట్, దీజ్, సచ్. వీటి వెనకాల ఉన్న మాట చూడండి. ‘దిస్ ప్రాబ్లమ్’ అంటే అంతకు ముందు వాక్యంలో ఒక సమస్య చెప్పి ఉండాలి.

4. పూర్తి పేరు, పొట్టి పేరు. ‘ఎ.పి.జె. అబ్దుల్ కలామ్’ అని పూర్తిగా ఉన్నది ముందు. ‘కలామ్’ అని ఉన్నది తర్వాత. ‘హి’ అని ఉన్నది సాధారణంగా ఆ తర్వాత. సంస్థల పేర్లకీ, వాటి పొడి అక్షరాలకీ ఇదే నియమం.

5. కలిపే మాటలు. బట్, హౌఎవర్ ఉంటే ముందు వాక్యం దానికి ఎదురు మాట చెప్పాలి. సో, దేర్‌ఫోర్ ఉంటే ముందు వాక్యంలో కారణం ఉండాలి. ఆల్సో, మోర్‌ఓవర్ ఉంటే ముందు అదే వైపు మాట్లాడిన వాక్యం ఉండాలి. వీటితో మొదలయ్యే వాక్యం పేరాకి మొదటిది కావడం చాలా అరుదు.

6. కాలం. సంవత్సరాలు, ఉదయం, మర్నాడు, ఐదేళ్ల తర్వాత లాంటివి.

7. సాధారణం నుంచి ప్రత్యేకానికి. అందరికీ వర్తించే మాట, నిర్వచనం లాంటి వాక్యం ఎక్కువగా మొదట వస్తుంది. ‘ఫర్ ఎగ్జాంపుల్’ దాని వెనక వస్తుంది. ‘దస్’ లాంటి మాటతో ముగింపు చెప్పే వాక్యం చివరికి పోతుంది.

మొదటి ఉదాహరణ: రొట్టెల పండుగ

ముందు మనకి తెలిసిన విషయంతో, తెలుగులోనే చూద్దాం.

పి. అలా తీసుకున్నవాళ్లలో కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడాది రొట్టె ఇవ్వడానికి మళ్లీ వస్తారు.
క్యూ. నెల్లూరులో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా ఉంది.
ఆర్. ఆ నీళ్లలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అంటూ ఒకరి దగ్గర ఒకరు తీసుకుంటారు.
ఎస్. మొహర్రం రోజుల్లో ఇక్కడికి వచ్చే జనం చెరువులోకి దిగుతారు.

‘ఆ నీళ్లలో’ అంటే ఏ నీళ్లు? చెరువులోకి దిగినవి. కాబట్టి ఎస్ వెంట ఆర్. ‘అలా తీసుకున్నవాళ్లు’ అంటే ఎలా? ఆర్‌లో చెప్పినట్టు. కాబట్టి ఆర్ వెంట పి. ‘ఇక్కడికి’ అంటే ఎక్కడికి? దర్గా దగ్గరికి. కాబట్టి క్యూ వెంట ఎస్. వరుస: క్యూ, ఎస్, ఆర్, పి. ఇక్కడ పండుగ గురించి తెలియని మనిషి కూడా ‘ఆ, అలా, ఇక్కడికి’ అనే మూడు మాటలతోనే జవాబు చెప్పగలడు. ఇంగ్లిష్‌లోనూ చేయాల్సింది ఇదే.

రెండో ఉదాహరణ: వల కొన్న కథ

ఇప్పుడు ఇంగ్లిష్ వాక్యాలు, తెలుగు అక్షరాల్లో.

ఎ. ది బ్రదర్, హౌఎవర్, సెట్ వన్ కండిషన్. (అన్న అయితే ఒక షరతు పెట్టాడు.)
బి. ది నెట్ కాస్ట్ హిమ్ మోర్ దాన్ హి హ్యాడ్ ఎక్స్‌పెక్టెడ్. (అనుకున్నదానికంటే వల ఖరీదు ఎక్కువైంది.)
సి. ఇట్ వాజ్ దట్ హిజ్ నీస్ మస్ట్ స్టే ఇన్ కాలేజ్. (తమ్ముడి కూతురు కాలేజీ మానకూడదన్నదే అది.)
డి. ఎ ఫిషర్‌మన్ బాట్ ఎ న్యూ నెట్ లాస్ట్ మంత్. (ఒక మత్స్యకారుడు పోయిన నెల కొత్త వల కొన్నాడు.)
ఇ. సో హి బారోడ్ సమ్ మనీ ఫ్రమ్ హిజ్ బ్రదర్. (అందుకని అన్న దగ్గర కొంత డబ్బు అప్పు తీసుకున్నాడు.)

డిలో ‘ఎ న్యూ నెట్’, బిలో ‘ది నెట్’. ఒక జత దొరికింది: డి, బి. ఇలో ‘హిజ్ బ్రదర్’, ఎలో ‘ది బ్రదర్’. రెండో జత: ఇ, ఎ. సిలో ‘ఇట్’ అంటే ఏది? కండిషన్. కాబట్టి ఎ వెంటే సి. ఇప్పుడు చేతిలో ఉన్నవి రెండే ముక్కలు: డి-బి, ఇ-ఎ-సి. ‘సో’ అన్నది కారణం తర్వాత వస్తుంది, కారణం వల ఖరీదు. జవాబు: డి, బి, ఇ, ఎ, సి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. బ్రాకెట్లలోని తెలుగు అర్థాలు చదివితే ‘వల’, ‘అన్న’ అని మాత్రమే ఉంది. ‘ఎ’, ‘ది’ తేడా మాయమైపోయింది. మనసులో తెలుగులోకో ఉర్దూలోకో మార్చుకుని చదివే పిల్లలు ఆధారాలని పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. అర్థం కోసం మనసులో మార్చుకోండి, ఫర్వాలేదు. జత వెతికేటప్పుడు మాత్రం మళ్లీ ఇంగ్లిష్ వాక్యానికే రండి.

మూడో ఉదాహరణ: జీవిత చరిత్రలో మోసం

జీవిత విశేషాలు ఇస్తే సంవత్సరాల వరుసలో పెట్టేయడమే అనుకుంటారు. చాలాసార్లు అది సరిపోతుంది. అబ్దుల్ కలామ్ సంగతే తీసుకోండి. 1931లో రామేశ్వరంలో పుట్టారు. 1980లో మన పక్కనే ఉన్న శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది, ఆ ప్రాజెక్టుకి డైరెక్టర్ ఆయనే. 1997లో భారతరత్న వచ్చింది. ‘ఐదేళ్ల తర్వాత’ రాష్ట్రపతి అయ్యారు. ఈ చివరి వాక్యంలో సంవత్సరం లేదు. 1997కి ఐదు కలిపితే 2002, కాబట్టి అది భారతరత్న వాక్యం వెంటే రావాలి. 1980 పక్కన పెడితే లెక్క తప్పుతుంది.

అసలు మోసం ఇంకోటి ఉంది. ‘యాజ్ ఎ బాయ్ దిస్ మ్యాన్ హ్యాడ్ సోల్డ్ న్యూస్‌పేపర్స్’ అనే వాక్యం కూడా ఇచ్చారనుకోండి. చిన్నప్పటి సంగతి కదా అని 1931 పక్కన పెట్టేస్తారు. కానీ ‘హ్యాడ్’ అన్నది వెనక్కి తిరిగి చూసే మాట. రాష్ట్రపతి అయ్యారని చెప్పాక, ‘ఈ మనిషే చిన్నప్పుడు పేపర్లు అమ్మాడు’ అని గుర్తు చేయడానికి అది చివర్లో రావచ్చు. జరిగిన వరుస వేరు, చెప్పే వరుస వేరు. ‘హ్యాడ్’ కనిపిస్తే ఒక్క క్షణం ఆగి, అది దేన్ని దాటి వెనక్కి చూస్తోందో తేల్చుకోండి.

పరీక్ష హాల్లో వరుసగా చేయాల్సినవి

ముందు అన్ని వాక్యాలూ ఒక్కసారి వేగంగా చదివి, విషయం ఏమిటో పట్టుకోండి. తర్వాత మొదటిది కాలేని వాక్యాలని తీసేయండి: హి, దిస్, బట్, సో ఉన్నవి. మూడో పని జతలు వెతకడం. నాలుగోది, ఆప్షన్లు ఉంటే మీ జత ఏ ఆప్షన్లలో ఉందో చూసి మిగతావి కొట్టేయడం. చాలాసార్లు ఒక్క జత దొరికితేనే నాలుగు ఆప్షన్లలో రెండు ఎగిరిపోతాయి. చివరిగా, పేర్చిన పేరాని మొదటి నుంచి ఒకసారి మనసులో చదవండి. ఎక్కడైనా గతుకు తగిలితే ఆ చోటు మళ్లీ చూడండి.

సమయం సంగతి. 20 నిమిషాల్లో 30 ప్రశ్నలంటే ఒక్కోదానికి 40 సెకన్లు. ఐదు ప్రశ్నల గుంపుకి 200 సెకన్లు, అంటే మూడు నిమిషాల 20 సెకన్లు. అంతలో ఒక్క జత కూడా దొరకకపోతే మొండిపట్టు పట్టొద్దు. వదిలి ముందుకు వెళ్లండి. మొత్తం వరుస దొరక్కపోయినా మొదటిదో చివరిదో ఖాయంగా తెలిస్తే, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు పెట్టి మిగతావి వదిలేయొచ్చు.

ఎక్కువగా చేసే తప్పులు

బాగా తెలిసిన విషయం వస్తే, చదవకుండానే తమకి తెలిసిన వరుసలో పెట్టేయడం. ప్రశ్న మీ జ్ఞాపకాన్ని అడగడం లేదు, ఆ రచయిత చెప్పిన వరుసని అడుగుతోంది. రెండో తప్పు, ఒకే మాట రెండు వాక్యాల్లో ఉంది కదా అని వాటిని జత చేసేయడం. మాట ఒకటైతే చాలదు, ఒకటి రెండోదానికి జవాబో, కారణమో, కొనసాగింపో కావాలి. మూడో తప్పు, మొదటి వాక్యం తప్పు పట్టుకుని, మిగతావాటిని దానికి బలవంతంగా సర్దడం. రెండు చోట్ల గతుకు తగిలితే మొదటి వాక్యాన్నే అనుమానించండి.

ఇంట్లో సాధన: అమ్మీకి ఇంగ్లిష్ రాకపోయినా

దీనికి ఫీజు అక్కర్లేదు. ఇంగ్లిష్ పేపర్లో ఐదు వాక్యాల చిన్న పేరా ఒకటి తీసుకుని, కాగితం మీద ఒక్కో వాక్యం విడిగా రాసి, చీటీలుగా కత్తిరించండి. చీటీల వెనక చిన్నగా సరైన నంబర్ వేయండి. కలిపేసి మర్నాడు పేర్చాలి. పేర్చాక వెనక తిప్పి నంబర్లు చూడడం ఎవరైనా చేయగలరు. అంటే ఇంగ్లిష్ ఒక్క ముక్క రాని అమ్మీ కూడా పరీక్ష పెట్టి, దిద్దొచ్చు. జవాబు తప్పైతే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘ఇది దాని పక్కన ఎందుకు పెట్టావు బేటా?’ కారణం చెప్పలేకపోతే అది ఊహ. కారణం చెప్పగలిగితే, తప్పైనా సరే, దారిలో పడినట్టే.

చిన్న పిల్లలకైతే ఉర్దూలోనో తెలుగులోనో మొదలుపెట్టండి. బిర్యానీ దమ్ పెట్టే వరుస, ఇస్కపల్లి నుంచి నెల్లూరు వచ్చే దారి, రొయ్యల గుంటలో పిల్ల వేసిన దగ్గర్నుంచి పట్టుబడి దాకా జరిగే పని, ఏదైనా ఐదు మాటల్లో చెప్పించి, వాటిని కలిపేసి మళ్లీ పేర్చమనండి. తర్తీబ్ అన్నది ముందు బుర్రలో పడాలి. భాష తర్వాత సంగతి.

పెద్ద పరీక్షలు రాసేవాళ్లు రోజుకి ఐదు గుంపులు చాలు, కానీ రోజూ చేయాలి. సీడీఎస్ పాత ప్రశ్నపత్రాలు యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్ పుస్తకాలు కూడా ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, వాటిలోని పేరాలతో చీటీలు తయారుచేసుకోవచ్చు. తప్పు చేసిన ప్రతి గుంపునీ ఒక నోట్‌బుక్‌లో రాసి, పక్కన ఏ గుర్తు చూడలేదో ఒక్క మాటలో రాసుకోండి: ‘ది’, ‘ఇట్’, ‘హౌఎవర్’, ‘హ్యాడ్’. నెల తిరిగేసరికి ఆ పేజీ మీ బలహీనత ఏదో మీకే చూపిస్తుంది. చాలామందికి అది ఒకటో రెండో గుర్తులే ఉంటుంది. వాటిని సరిచేసుకుంటే మిగతాది దానంతటదే కుదురుకుంటుంది.

ప్రతి ఏడూ చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె కోసం స్వర్ణాల చెరువులో నిలబడేవాళ్లలో మన పిల్లలూ ఉంటారు. దువా చేయడం మన వంతు. దానితోపాటు రాత్రి ఇషా తర్వాత ఒక పావుగంట ఐదు చీటీలు ముందేసుకుని కూర్చోవడం కూడా మన వంతే.